వియోగానికి కర్త ఎవరు?

మన అలంకారికులు నాయికలను ఎనిమిది రకాలుగా విభజించారు. వారిలో ప్రోషితభర్తృక ఒకతె. భర్త దేశాంతరం పోగా ఇంట మిగిలిన స్త్రీ ఆమె. ఆమె జడ ఎలా వుండాలో, చీర ఎలా వుండాలో, చంద్రుణ్ణి చూసి ఏమనాలో, చెలికత్తెతో ఏం చెప్పుకోవాలో శాస్త్రం నిర్ణయించింది. కాని భర్త ఎందుకు పోయాడు, పోతూ ఆమెను ఎందుకు వెంట తీసుకుపోలేదు, ఆమె తనంత తాను బయలుదేరితే దారిలో ఎవరు ఆపుతారు అన్న ప్రశ్నలు శాస్త్రానికి తోచలేదు. లక్షణకారుల కాలానికి అవి అవసరం కాకపోయి వుండవచ్చు. మన కాలానికి అవి తప్పవు. మన కాలంలో భార్యాభర్తలను వేరుచేసి వుంచేది చాలా సందర్భాల్లో ఒక ప్రభుత్వ నిబంధన. దానికి సంఖ్య వుంది, తేదీ వుంది, అడుగున సంతకం కూడా వుంది.

నేను ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. దంపతుల వియోగాన్ని వస్తువుగా తీసుకున్న రచయిత ఆ వియోగానికి కర్త ఎవరో కనిపెట్టి చూపకపోతే, ఎంత కరుణరసం పొంగించినా ఆ రచన సగంలో ఆగినట్టే. కర్తను దాచిపెట్టిన వాక్యం వ్యాకరణానికి చెల్లవచ్చు. వాస్తవికతకు చెల్లదు.

ఇది సాహిత్యంలోకి రాజకీయాలను బలవంతంగా చొప్పించడమే అని కొందరు అనవచ్చు. వారికి కాళిదాసునే చూపిస్తాను. మేఘసందేశంలోని యక్షుడు ఎవరు? కుబేరుడి దగ్గర కొలువు చేసే వుద్యోగి. పనిలో ఏమరుపాటు చూపినందుకు యజమాని అతనికి సంవత్సరం పాటు ప్రవాసం విధించాడు. ఎవరు విధించారు, ఎందుకు విధించారు, ఎంతకాలానికి విధించారు అన్నది కవి మొదటి శ్లోకంలోనే చెప్పేశాడు. మేఘాన్ని గురించీ, అలకాపురి మేడలను గురించీ పేజీల కొద్దీ రాసే మన వ్యాఖ్యాతలు ఆ ఆజ్ఞను మాత్రం కథకు ఒక సాకుగా చూసి దాటిపోతారు. మహాకవి దాటిపోలేదు. కుబేరుడు లేకపోతే మేఘంతో పనేముంది?

ఈ దృష్టితో మన విశాఖపట్నాన్నే చూద్దాం. 1933లో హార్బరు తెరవడానికి చాలా ముందు నుంచే ఈ తీరం మనుషులను ఎగుమతి చేసింది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి తెలుగు కూలీలు స్టీమర్లెక్కి రంగూన్ వెళ్ళేవారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను రంగం అనేవారు. బర్మావాళ్ళు ఈ తీరం నుంచి వచ్చినవాళ్ళను కొరంగీలన్నారు. గోదావరి పాయ ఒడ్డున వున్న కోరంగి అనే పాత రేవు పేరు అలా ఒక జాతికి పేరయింది, పోనుపోను తిట్టు కూడా అయింది. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించినవారు భారతీయులే. రేవులో బరువులు మోసిన కళాసీలు, బియ్యపు మిల్లుల్లో బస్తాలెత్తినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు, వీధులు వూడ్చినవాళ్ళు చాలామంది తెలుగువాళ్ళు. వీరిలో మగవాళ్ళే అత్యధికం. ఆడవాళ్ళు బహు కొద్దిమంది.

ఎందుకు కొద్దిమంది? ఆ రోజుల్లో భార్యను తీసుకుపోరాదని చట్టమేమీ లేదు. ఆ పని కూలిరేటు చేసింది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో ఓడ టిక్కెట్టు కొనుక్కుని, అక్కడ పదులమందితో ఒకే గదిలో పడుకుని, అప్పు తీరాక మిగిలింది ఇంటికి పంపేవాడికి పెళ్ళాం బిడ్డలను తెచ్చుకునే స్తోమత ఎక్కడిది? యజమానికి కావలసింది రెండు చేతులు. ఆ చేతుల వెనక ఒక కాపురం వుందన్న సంగతికి అతను డబ్బు చెల్లించడు. కాపురాన్ని పోషించే భారం శ్రీకాకుళం పల్లెలోని అత్తగారి మీద, అరెకరం మెట్ట మీద, ఇంట్లో మిగిలిన ఆడదాని కూలి మీద వదిలేశాడు. అంటే ప్రోషితభర్తృక కూడా రంగూన్ రేవుకు పని చేసింది. ఆమె పేరు మాత్రం కూలీల పట్టీలో లేదు.

మన వినోద సాహిత్యం ఈ రంగూన్‌ను ఎలా చూసింది? "రంగూన్ రౌడీ" అన్న పేరు మొదట ఒక నాటకానికి పెట్టారు. 1979లో సినిమాకూ అదే పేరు పెట్టారు. వాటి మంచి చెడ్డలు నాకిక్కడ ప్రస్తుతం కాదు. ఆ పేరులోని జంటపదం ఒక్కటే నాకు కావాలి. రంగూన్ అనగానే మనకు తోచిన మనిషి రౌడీ. కళాసీ తోచలేదు. దేశాంతరం పోయినవాడు చెడిపోయాడు, లేదా డబ్బుతో తిరిగి వచ్చాడు అన్న రెండు కథలే మన నోటికి బాగా అలవాటయ్యాయి. రెండింటిలోనూ జరిగినదానికి బాధ్యత ఆ మనిషి నడవడిదే అవుతుంది.

ఇప్పుడు రెండు చట్ట పత్రాలను పక్కపక్కన పెట్టి, సాహిత్య విమర్శకుడు రెండు పాఠాలను చదివినట్టుగా చదవమని పాఠకులను కోరుతున్నాను.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కళాసీలు కూలి పెంపు కోసం సమ్మె చేశారు. వారి స్థానంలో కంపెనీలు బర్మా కూలీలను పెట్టాయి. సమ్మె పరిష్కారం కాగానే ఆ బర్మా కూలీలను వెళ్ళగొట్టాయి. ఘర్షణ రేగి వందలమంది హతమార్చబడ్డారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. ఇద్దరు పేదవాళ్ళను ఒకరి మీదికి ఒకరిని తోసిన కంపెనీలకు ఏమీ కాలేదు. ఆ తర్వాత బర్మాలో భారతీయుల మీద ద్వేషం పెరిగింది. ఆ ద్వేషంలో ఒక ముఖ్యమైన ఫిర్యాదు పెళ్ళిళ్ళను గురించినది. ఒంటరిగా వచ్చిన భారతీయుడు బర్మా స్త్రీతో కాపురం పెడతాడు, కొన్నాళ్ళకు స్వదేశంలోని భార్య దగ్గరికి వెళ్ళిపోతాడు, బర్మా భార్యకు హోదా వుండదు, ఆస్తిలో భాగం వుండదు అన్నది ఆ ఫిర్యాదు. జాతీయోన్మాదులు దీన్ని వాడుకున్నారన్నది నిజమే. అంతమాత్రాన ఫిర్యాదు అబద్ధమైపోదు. ఆ స్త్రీల నష్టం నిజం. మనవాళ్ళు చేసింది కాబట్టి కప్పిపుచ్చడం విమర్శకుడి పని కాదు.

1939లో బర్మా శాసనసభ బౌద్ధ స్త్రీల ప్రత్యేక వివాహ, వారసత్వ చట్టం చేసింది. ఇది నేను చెప్పిన మొదటి పాఠం. బౌద్ధురాలు పరమతస్థుణ్ణి పెళ్ళాడితే ఆ పెళ్ళిని గుర్తించి, ఆమెకు వారసత్వ హక్కులు కల్పించడం దాని వుద్దేశం. దాని వెనకాల జాతి దురహంకారపు నీడ వుంటే వుండవచ్చు. అయినా ఆ చట్టంలోని వాక్యాలకు కర్త స్త్రీ. హక్కు ఆమె చేతికి వస్తుంది.

రెండో పాఠం భారత బర్మా వలస ఒప్పందం. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. కొంతకాలం రాకపోకలు మునుపటిలాగే సాగాయి. తర్వాత బాక్స్టర్ అనే అధికారి చేత విచారణ జరిపించి, 1941లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం కుదుర్చుకున్నాయి. పర్మిట్లు, వీసాలు వచ్చాయి. వాటితో పాటు, వలస వచ్చిన భారతీయుడు బర్మా స్త్రీని పెళ్ళాడడాన్నీ, ఆమెతో కలిసి వుండడాన్నీ అతని వీసా షరతుల్లో చేర్చవచ్చునన్న అంగీకారం కూడా వచ్చింది. అంటే ఆమెతో కాపురం అతని వీసాకే ముప్పు కాగలదు. ఈ ఒప్పందాన్ని గాంధీ బహిరంగంగా ఖండించారు. దేశంలో వ్యతిరేకత లేచింది. ఇది పూర్తిగా అమలు కాకముందే జపాను యుద్ధం వచ్చిపడి, 1942లో నాలుగు లక్షల మందికి పైగా భారతీయులు బర్మా వదిలి పారిపోయి వచ్చారు. ఎందరో అడవుల్లో, కొండదారుల్లో చచ్చిపోయారు.

రెండు పాఠాలకూ ముడిసరుకు ఒకటే, బర్మా స్త్రీకి జరిగిన అన్యాయం. మొదటిది ఆమెకు హక్కు ఇచ్చింది. రెండోది ఆమె పేరు చెప్పి అతని మెడకు తాడు వేసింది, ఆ తాడు కొస ప్రభుత్వం చేతిలో పెట్టింది. ఆమెకు కొత్తగా ఒక్క హక్కూ రాలేదు. పైగా ఆమె అతనికి భార్యగా కాక ప్రమాదంగా మారింది. నిజాయితీగా కాపురం చేద్దామనుకున్నవాడు కూడా ఆ కాపురాన్ని దాచవలసి వస్తుంది. దాచిన కాపురాన్ని వదిలిపెట్టడం ఎంత తేలికో చెప్పనక్కర లేదు. స్త్రీని రక్షించే పేరుతో రాసిన నిబంధన, ఆమెను మోసం చేయదలచినవాడికే సాయపడుతుంది. వలస చట్టాల్లో ఈ ఎత్తుగడ ఆ తర్వాత పదేపదే కనిపిస్తుంది. అందుకే దీన్ని ఇంత నిదానంగా చదివాను.

1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో వ్యాపారాలను జాతీయం చేసి, 50, 100 క్యాట్ల నోట్లను రద్దు చేసింది. భారతీయులు లక్షల సంఖ్యలో తిరుగుముఖం పట్టారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు ఆనాటి నుంచి నిలిచిపోయింది. అలా వచ్చినవాళ్ళలో బర్మాలో పుట్టి పెరిగినవాళ్ళున్నారు. తల్లి బర్మా స్త్రీ అయిన కుటుంబాలున్నాయి. ఈ వూళ్ళో సాయంత్రం పూట బండి మీద అమ్మే బర్మా నూడుల్సు, ఖౌసే తినని యువకుడు తక్కువ. ఆ రుచిని మెచ్చుకుంటూ పత్రికల్లో వ్యాసాలు కూడా వస్తాయి. మంచిదే. కాని ఆ వంట ఏ ఆడవాళ్ళ చేతి వంట? వాళ్ళు ఏ కాగితాల మీద వచ్చారు? ఎవరిని వదిలి వచ్చారు? ఈ ప్రశ్నలు అడిగే నవల కోసం నేను ఎదురుచూస్తున్నాను. పలహారంగా మాత్రమే మిగిలిన చరిత్ర సగం మరిచిపోయిన చరిత్ర.

విధిని నిందించకుండా కర్త పేరు పెట్టి పిలిచిన స్త్రీలు మన చరిత్రలో లేకపోలేదు. వారిని చూడాలంటే ఇంకో సముద్రం దాటాలి. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ ఒప్పంద కూలీలను దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు చేర్చింది. ఆ తర్వాతి యాభై యేళ్ళలో వేలాది తెలుగువాళ్ళు అక్కడి చెరకు తోటలకు పోయారు. 1913 మార్చిలో కేప్ కోర్టులో న్యాయమూర్తి సెర్ల్ ఒక తీర్పు చెప్పాడు. ఒక భారతీయుడు భార్యను తెచ్చుకోగా అధికారులు ఆమెను దిగనివ్వలేదు. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాచారంతో జరిగిన పెళ్ళి ఆ దేశపు చట్టం దృష్టిలో పెళ్ళి కాదని తీర్పు. ఒక్క కలంపోటుతో హిందువుల, ముస్లిముల పెళ్ళిళ్ళన్నీ చెల్లని కాగితాలయ్యాయి. అగ్నిసాక్షిగా పెళ్ళాడినవాళ్ళు ఆ దేశంలో వుంపుడుకత్తెలయ్యారు.

అక్కడి స్త్రీలు చంద్రుణ్ణి నిందిస్తూ కూర్చోలేదు. 1913 చివరలో సత్యాగ్రహంలో దిగారు. సరిహద్దులు దాటి అరెస్టయ్యారు. న్యూకాసిల్ బొగ్గుగనులకు పోయి కార్మికుల చేత సమ్మె కట్టించారు. తలపన్ను రద్దు కోరికా, పెళ్ళిళ్ళ గుర్తింపు కోరికా ఒకే పోరాటంలో కలిశాయి. 1914లో భారతీయ సహాయ చట్టం వచ్చి తలపన్ను పోయింది, ఒక భార్యను చట్టబద్ధమైన భార్యగా గుర్తించడం జరిగింది. కూలి ప్రశ్న, కాపురం ప్రశ్న వేరువేరు కావని ఆ గనుల దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళకు తెలిసింది. మన కథకుల్లో చాలామందికి ఇవి ఇంకా రెండు వేరువేరు వస్తువులు. ఒకటి కార్మిక కథ, మరొకటి కుటుంబ కథ.

ఇదంతా సామ్రాజ్యవాదుల పని, మన మిత్రుల చేతులు శుభ్రంగా వున్నాయి అనుకోవడానికి వీల్లేదు. విశాఖ వుక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో నిర్మాణమైంది. సోవియట్ విశ్వవిద్యాలయాల్లో చదివిన తెలుగువాళ్ళున్నారు, అక్కడి అమ్మాయిలను పెళ్ళాడి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళూ వున్నారు. ఆ దేశమే 1947 ఫిబ్రవరిలో తన పౌరులు విదేశీయులను పెళ్ళాడరాదని శాసనం చేసింది. 1953 నవంబరులో గాని అది రద్దు కాలేదు. ఆరేళ్ళకు పైగా, అన్ని దేశాల కార్మికులను ఏకం కమ్మన్న దేశంలో విదేశీ కార్మికుణ్ణి పెళ్ళాడడం నిషిద్ధం. అభ్యుదయాన్ని కోరే విమర్శకుడు ఈ వాక్యం రాయడానికి జంకితే, పై వాక్యాలు రాసే అర్హత అతనికి వుండదు.

మన సొంత చట్టం మాటేమిటి? 1955 నాటి మన పౌరసత్వ చట్టం భారతీయుణ్ణి పెళ్ళాడిన విదేశీ స్త్రీకి నమోదు ద్వారా పౌరసత్వం పొందే దారి ఇచ్చింది. భారతీయురాలిని పెళ్ళాడిన విదేశీ పురుషుడికి ఆ దారి ఇవ్వలేదు. ఆడది మగవాడి ఇంటికి రావాలి గాని మగవాడు ఆడదాని ఇంటికి రాడన్న మన పెళ్ళిపందిరి నియమం రాజ్యశాసనంలో అలాగే కూర్చుంది. 1986లో సవరించి, స్త్రీలు అన్నచోట వ్యక్తులు అని పెట్టారు. ఒక్క మాట మార్చడానికి 31 యేళ్ళు పట్టింది. ఇల్లరికపు అల్లుడి మీద మనం రాసుకున్న హాస్యకథలను ఈ సెక్షను పక్కన పెట్టి చదివితే ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఇక ఈనాటి రంగం అమెరికా. ఈ దారిలో మొదట నడిచిన తెలుగువాళ్ళలో ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరి, 1948లో న్యూయార్క్‌లో మరణించారు. ఆ పాతికేళ్ళూ భార్య శేషగిరి ఇక్కడే వున్నారు. ఆయన వెళ్ళిన తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. దంపతులు మళ్ళీ కలుసుకోలేదు. ఆయన జీవితాన్ని మనం తపస్సుగా చెప్పుకుంటాం. ఆ కథ పక్కన రెండు తేదీలు కూడా పెట్టుకోవాలి. 1923లోనే అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అనర్హులని తీర్పిచ్చింది. 1924లో, అలా అనర్హులైనవారు స్థిరనివాసానికి రారాదని చట్టం వచ్చింది. 1946 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ దంపతుల వియోగానికి చట్టం ఒక్కటే కారణమని నేననను. మనుషుల నిర్ణయాలూ, పేదరికమూ, పరిశోధన మీది దీక్షా వుంటాయి. కాని తలుపు మూసివున్న ఇంట్లో కూర్చున్నవాణ్ణి తపస్వి అనేముందు ఆ గడియ ఎవరు వేశారో కూడా చెప్పాలి. ఇంటి దగ్గర పాతికేళ్ళు గడిపిన ఆమెను ఏమనాలో మన జీవితచరిత్రకారులు ఇంకా తేల్చుకోవలసే వుంది.

ఇప్పుడు ఆ తలుపు తెరిచే వుంది. దాని ముందు ఒక తాసు పెట్టారు. పూచీ అన్న మాట మన పల్లెల్లో అప్పు దగ్గరా, జామీను దగ్గరా వినిపించేది. ఇవాళ అది పెళ్ళి దగ్గర వినిపిస్తోంది. అమెరికాలో వున్నవాడు విదేశీ భార్యను రప్పించుకోవాలంటే ఆమెకు పూచీదారుగా వుండాలి. 1996 చట్టం ప్రకారం, అక్కడి పేదరికపు రేఖకు సాధారణంగా నూటికి నూట పాతిక వంతుల ఆదాయం వున్నట్టు చూపి, చట్టబద్ధమైన హామీపత్రం మీద సంతకం చేయాలి. పౌరుడి భార్యకు వీసాల సంఖ్యలో పరిమితి లేదు. గ్రీన్ కార్డు మాత్రమే వున్నవాడి భార్యకు పరిమితి వుంది, అందుచేత ఎదురుచూపూ వుంది. ప్రేమ ఒకటే, వరసలు రెండు. బ్రిటన్‌లో ఈ తాసు మరీ బాహాటం. 2012లో విదేశీ భార్యనో భర్తనో తెచ్చుకోదలచినవారికి ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం వుండాలన్నారు. 2024 ఏప్రిల్‌లో దాన్ని 29,000 పౌండ్లు చేశారు. అంతకన్న తక్కువ జీతగాడు పెళ్ళాడవచ్చు, కాపురం మాత్రం ఇక్కడ చేయరాదు అని దాని అర్థం. రంగూన్ కళాసీకి కూలిరేటు చెప్పిన మాటను ఇవాళ చట్టమే నోరు తెరిచి చెబుతోంది.

సాహిత్య విమర్శకుణ్ణి కలవరపెట్టే విషయం మరొకటి వుంది. పెళ్ళి నిజమైనదేనని రుజువు చేయడానికి దంపతులు ఫొటోలు, వుత్తరాలు, సందేశాలు, వుమ్మడి బ్యాంకు ఖాతాలు సమర్పించాలి. మొదట ఎక్కడ కలిశారో, ఎవరు ముందు మాట్లాడారో చెప్పాలి. అంటే ప్రతి జంటా తమ ప్రేమకథను ఒకే ఒక పాఠకుడి కోసం రాయాలి. ఆ పాఠకుడు వీసా అధికారి. సిసలైన భార్య ఎలా వుంటుందో, ఎంత తరచుగా మాట్లాడుతుందో అతనికి ముందే ఒక నమూనా వుంది. ఈ కాలపు లక్షణకారుడు అతనే. పెద్దలు కుదిర్చిన సంబంధం, పెళ్ళికి ముందు రెండే రెండు సంభాషణలు, పెళ్ళి తర్వాత పది రోజుల సెలవు మాత్రమే వున్న మన విశాఖ జంట అతని నమూనాకు అందకపోతే అనుమానం మొదలవుతుంది. ఈ అనుమానం ఎంతదూరం పోగలదో 1979లో లోకం చూసింది. కాబోయే భర్త కోసం లండన్ హీత్రూ విమానాశ్రయంలో దిగిన ఒక భారతీయ స్త్రీకి, ఆమె చెబుతున్నది నిజమో కాదో తేల్చడానికి కన్యాత్వ పరీక్ష చేశారు. పత్రికలు బయటపెట్టాక గాని ఆ పద్ధతి ఆగలేదు.

"దొంగపెళ్ళిళ్ళు లేవా? వీసా కోసం పెళ్ళాడి వదిలేసినవాళ్ళు లేరా? అమెరికా అల్లుడు విమానమెక్కి మాయమైతే పుట్టింట మిగిలిపోయిన ఆడపిల్లలు మన జిల్లాల్లోనే లేరా?" అని అడగవచ్చు. వున్నారు. వారి దుఃఖాన్ని తక్కువ చేసే మాట నేననను. కాని ఆ మోసానికి ఆయుధం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. ఆమె అక్కడికి పోవాలంటే అతను సంతకం చేయాలి. పోయాక వుండాలంటే అతని హోదా నిలవాలి. వుద్యోగపు వీసా మీద వున్నవాడి భార్య హెచ్-4 వీసా మీద పోతే, ఎంత చదివినదైనా పని చేసే హక్కు లేదు. 2015లో కొందరికి మాత్రం, భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశకు చేరితేనే, ఆ హక్కు ఇచ్చారు. 1986 చట్టం ప్రకారం, కొత్తగా పెళ్ళయిన భార్యకు మొదట రెండేళ్ళ షరతులతో కూడిన గ్రీన్ కార్డే వస్తుంది. గడువు తీరేముందు మామూలుగా ఇద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. కొట్టే భర్త చేతికి ఇంతకన్న గట్టి కర్ర ఏం కావాలి? అమెరికా చట్టమే ఈ సంగతి గ్రహించి, హింసకు గురైన భార్య తన తరఫున తానే దరఖాస్తు పెట్టుకునే దారి 1994లో తెరిచింది. ఆ పూచీ ఎంత ప్రమాదకరమైనదో అదే సాక్ష్యం. మోసగాణ్ణి పట్టుకోవడానికని భార్యను భర్త సంతకానికి కట్టివేస్తే, ఆ సంతకం మోసగాడి సొత్తవుతుంది. 1941 నాటి ఒప్పందంలో చూసిన ఎత్తుగడే ఇది.

2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఈ విషయంలో చివరి మాట చెప్పింది. తన విదేశీ భర్తకు వీసా నిరాకరించారని ఒక అమెరికా పౌరురాలు కోర్టుకెక్కింది. పెళ్ళాడే హక్కు ఆమెకుంది, ఆ భర్తను దేశంలోకి రప్పించుకునే ప్రాథమిక హక్కు మాత్రం రాజ్యాంగం ఇవ్వలేదని ఐదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ముగ్గురు విభేదించారు. పెళ్ళి వుంది, కాపురం లేదు. ఈ వాక్యాన్ని కేప్ కోర్టు తీర్పు పక్కన పెట్టి చదవండి. ఆనాటి న్యాయమూర్తి పెళ్ళినే కాదన్నాడు. ఈనాటివారు పెళ్ళిని గౌరవించి, దంపతులను గుమ్మం బయట నిలబెట్టారు. శైలి నాగరికమైంది. ఫలితం అదే.

దీన్ని సాహిత్యం ఎలా చేపట్టాలి? నిబంధనలను ఏకరువు పెట్టిన కథ కథ కాదు. వీసా అధికారిని రాక్షసుడిగా చిత్రించినా లాభం లేదు. అతనూ జీతగాడే. మనకు కావలసిన నమూనా దూరంగా లేదు, ఈ జిల్లాలోనే వుంది. విజయనగరం మహారాజా వారి ఆజ్ఞ మీద, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి తయారైంది. అందులోకెక్కిన పెళ్ళిళ్ళు 1034. ఈ సంగతి గురజాడ 1897 నాటి కన్యాశుల్కం పీఠికలో చెప్పుకున్నాడు. ఆ నాటకాన్ని మనం గిరీశం మాటల కోసం, మధురవాణి తెలివి కోసం చదువుతాం. దాని పునాదిలో ఒక జాబితా వుందని మరిచిపోతాం. ఆడపిల్ల కన్నీటికి రూపాయల్లో ధర వుందనీ, ఆ ధర తీసుకునేవాడికీ ఇచ్చేవాడికీ పేర్లున్నాయనీ అతనికి తెలుసు. అందుకే బుచ్చమ్మ దుఃఖం విధి కాలేదు, వ్యవహారమయింది. వ్యవహారాన్ని మార్చవచ్చునని ప్రేక్షకుడికి తోచింది.

ఇవాళ మన ఇళ్ళల్లో అటువంటి జాబితాలు చాలా వున్నాయి. ఏ పెళ్ళి ఫైలు తెరిచినా రుసుము వుంది, ఆదాయపు గీత వుంది, గడువు తేదీ వుంది, పూచీదారు సంతకం వుంది. కంచరపాలెంలో బర్మా కాగితాలు దాచుకున్న కుటుంబం వుంటుంది, గాజువాకలో కూతురి వీసా కోసం బ్యాంకు పత్రాలు పోగుచేస్తున్న వుక్కు కార్మికుడు వుంటాడు. వారిద్దరి కథ ఒకటేనని గుర్తించగల రచయిత కావాలి. అతను ప్రోషితభర్తృక జడ గురించి రాస్తే రాయవచ్చు. ఆమె భర్త పక్కన ఎందుకు లేదో, ఏ తేదీన ఎవరి సంతకంతో ఆగిపోయిందో ఆ కథలోనే చెప్పాలి.